ఇరవై ఒకటో గుడ్డ

ఆపరేషన్ థియేటర్లో పదిహేడేళ్ళు పనిచేసి పోయిన ఏడాది బయటికొచ్చాను. అన్నేళ్ళలో కత్తి పట్టింది లేదు, సూది గుచ్చింది లేదు. నా పని లెక్కపెట్టడం. కడుపు కోసి చేసే ఆపరేషన్‌కి ముందు బల్ల మీద ఎన్ని గుడ్డలున్నాయో చూడాలి. కుట్లు వేసే ముందు మళ్ళీ ఎన్ని ఉన్నాయో చూడాలి. రెండు అంకెలూ ఒకటే అయితే మనిషిని కుట్టి పంపేస్తాం. తక్కువైతే ఒకటి మనిషి లోపల ఉందన్నమాట.

ఇంతకంటే సులువైన పని ఆస్పత్రిలో లేదు. పది వరకు అంకెలు వచ్చినవాడెవడైనా చేయగలడు. అందుకే ఇందులో తప్పు చేయడం కూడా సులువే. నేనొక తప్పు చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు దాన్ని తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను. ఆ రోజు నేను నిద్రమత్తులో లేను, పని మీద విసుగూ లేదు. ప్రార్థన చేయడం నేర్చుకుంటూ ఆ తప్పు చేశాను.

నేను చదివింది ఏడో తరగతి. తర్వాత విజయనగరం దగ్గర ఒక జూటు మిల్లులో బేళ్ళు లెక్కపెట్టే పనిలో చేరాను. హెచ్చవేతలు, శాతాలు, సరాసరి తీయడం, అన్నీ అక్కడ గోడ మీద సుద్దముక్కతో నాకు నేనే నేర్చుకున్నాను. మిల్లు మూతపడ్డాక, శ్రీకాకుళం నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో బట్టలుతికే విభాగంలో పని దొరికింది. వార్డుకి వెళ్ళిన దుప్పట్లు, తిరిగొచ్చిన దుప్పట్లు నా చేతిలో ఎప్పుడూ సరిపోయేవి. అది గమనించి థియేటర్ సిస్టర్ నన్ను లోపలికి తీసుకుంది. గట్టి మనిషి. నాకంటే నాలుగేళ్ళు చిన్నదైనా అందరం ఆమెకి భయపడేవాళ్ళం.

నాకొక పద్ధతి ఉండేది. జేబులో అరచేతి వెడల్పు నోటుపుస్తకం పెట్టుకునేవాణ్ణి. సిస్టర్ ఒక్కో గుడ్డ విడదీసి చూపిస్తూ బిగ్గరగా అంకె చెబుతుంటే, నేనూ బిగ్గరగా చెబుతూ ఒక్కో గుడ్డకి ఒక్కో గీత గీసేవాణ్ణి. ఐదు గీతలయ్యాక కొంచెం జాగా వదిలి మళ్ళీ ఐదు. చివర్న గీతలు కూడి, గోడ మీది బోర్డు మీద అంకె రాసేవాణ్ణి. ఈ గుడ్డల్ని మేం మాపులంటాం. లోపల రక్తం అద్దడానికి వాడే, చేతిరుమాలంత మెత్తటి గుడ్డలు. మా ఆస్పత్రిలో అవి కుట్టుగదిలో తయారయ్యేవి. అక్కడి ఆడవాళ్ళు కత్తిరించి, అంచులు కుట్టి, ఐదేసి కట్ట కట్టి, క్రిములు చంపే ఆవిరి పెట్టెకి పంపేవారు.

ఇక ప్రార్థన సంగతి. మా ఆస్పత్రిలో రోగిని బల్ల మీద పడుకోబెట్టాక, మత్తిచ్చే ముందో తర్వాతో, థియేటర్లో ఉన్నవాళ్ళలో ఒకరు పైకి ప్రార్థన చేయాలి. వంతుల పట్టీ తలుపు మీద అంటించి ఉండేది. డాక్టరుగారు, మత్తు డాక్టరు, సిస్టర్, నేను, స్ట్రెచర్ తోసే అతను. నేను పుట్టింది వరి పండించుకునే హిందూ కుటుంబంలో. మా అమ్మ దీపం పెడితే మేం దణ్ణం పెట్టుకుని లేచేవాళ్ళం. దేవుడితో నోరు తెరిచి మాట్లాడే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. పెళ్ళి తర్వాత మా ఆవిడ తరఫువాళ్ళతో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాను, నమ్మాను, బాప్తిస్మం తీసుకున్నాను. అక్కడ కూడా ప్రార్థన చేసేది మిగతావాళ్ళు, ఆమేన్ అనేది నేను.

అందుకని మూడేళ్ళపాటు నా వంతు స్ట్రెచర్ అతనికిచ్చి తప్పించుకున్నాను. అతను నన్ను మావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఎంత బాగా ప్రార్థించేవాడో అంత బాగా ఎగతాళి చేసేవాడు. ఒకసారి అతను చెల్లెలి పెళ్ళికని సెలవు పెట్టాడు. నా వంతు నా మీదే పడింది. బల్ల మీద హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన ముసలాయన ఒకడున్నాడు.

"దేవా" అన్నాను. తర్వాత మాట రాలేదు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. పదకొండు టిక్కులు లెక్కపెట్టాను. అంకెలైతే అప్పుడు కూడా వచ్చాయి. "ఆమేన్" అనేశాను.

ముసలాయన కళ్ళు తెరిచాడు. "అదేటి బావూ, నా పేరేనా సెప్పనేదు. పైనోడికి ఎవలి గురించని తెలుస్తాది?"

మత్తు డాక్టరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. సిస్టర్ ఆయన పేరు చెప్పి నాలుగు ముక్కలు ప్రార్థించి కానిచ్చింది. పెళ్ళినుంచి వచ్చాక ఈ కథ విన్న స్ట్రెచర్ అతను నన్ను నెల్లాళ్ళు వదల్లేదు.

"మావా, నువ్వు సేసినది మిస్డ్ కాలు. ఆయనే తిరిగి సేస్తాడులే."

నవ్వాను గానీ లోపల గుచ్చుకుంది. రానిది ఏదైనా నేర్చుకోవచ్చని నా నమ్మకం. శాతాలు నేర్చుకోలేదా? ఒక కొత్త నోటుపుస్తకం కొన్నాను. బైబిల్లో ఎవరెవరు ప్రార్థన చేశారో మొదటినుంచి వెతకడం మొదలుపెట్టాను. పేజీకి నాలుగు గడులు గీశాను: ఎవరు, ఎక్కడ, ఏమడిగారు, ఎన్ని మాటలు.

మా ఆవిడ చూసి, "అది ఎక్కాల పుస్తకమేటి?" అంది.

"ప్రార్థన నేర్చుకుంటన్నాను."

"నేర్సుకోడానికేటుంది? నాను పక్కింటావిడితో గోడ మీంచి మాటాడనేదా? అలాగే."

ఆమెకి అలా వస్తుంది. నాకు రాదు. నేను లెక్కే నమ్ముకున్నాను. సాయంత్రాలు కూర్చుని చాలా ప్రార్థనలు పోగుచేశాను. సొలొమోను రాజు కొత్త దేవాలయం ముందు చేతులు చాపి చేసింది ముప్పై ఒక్క వచనాలు. నీళ్ళలో మునిగిపోతూ పేతురు అరిచింది మూడు మాటలు. పిల్లలు లేని హన్నా పెదవులు కదిలాయి, గొంతు వినబడలేదు. ఆ గడిలో ఏం రాయాలో తెలీక ప్రశ్న గుర్తు పెట్టాను. మోషే తన అక్కకి జబ్బు చేస్తే అడిగింది నాలుగు మాటలు: దేవా, దయచేసి ఈమెను బాగుచెయ్యి. నెహెమ్యా అని ఒక ఉద్యోగి ఉన్నాడు, రాజుకి ద్రాక్షారసం అందించేవాడు. రాజు అతన్ని నీకేం కావాలని అడుగుతాడు. రాజు ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య అతను దేవుడికి ప్రార్థన చేశాడని ఉంది. ఏమన్నాడో లేదు. ఎన్ని మాటలనే గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడి నా కంటికి తప్పులా కనిపించేది.

ఇంత లెక్క కట్టి నేను నేర్చుకున్నదేమిటి? పొట్టి ప్రార్థనలు తీరిక దొరకనివాళ్ళు చేసినవని పక్కన పెట్టాను. పొడుగువి తీసుకున్నాను. ముందు స్తుతి, తర్వాత పూర్వం చేసిన మేళ్ళు, తర్వాత మన తప్పుల ఒప్పుకోలు, తర్వాత మనవి, చివర మళ్ళీ స్తుతి. ఐదు భాగాలు. ఇల్లు కట్టినట్టు కట్టాను. సైకిల్ మీద వల్లించాను. వంటింటి గడియారం పెట్టుకుని చూస్తే నాలుగు నిమిషాలొచ్చింది. స్ట్రెచర్ అతని మొహం ఎలా మారుతుందో ఊహించుకుని లోలోపల సంతోషపడ్డాను. అదంతా ప్రార్థనలో భాగమేనని అప్పట్లో అనుకున్నాను.

నా వంతు వచ్చిన రోజు బల్ల మీదికొచ్చింది శ్రీముఖలింగం అవతల పల్లెనుంచి వచ్చిన రైతు కుటుంబం ఆవిడ. నలభై అయిదేళ్ళుంటాయి. గర్భసంచిలో పెద్ద గడ్డ. తోడుగా అత్తగారొచ్చింది, నుదుటి నిండా విబూది పెట్టుకుని. థియేటర్ తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"మా ముఖలింగేశ్వరుడికి మొక్కినాను బావూ. మీ దేవుడికి మీరు సెప్పండి. ఇద్దరూ సూసుకుంతే తప్పునేదు."

చెప్తానమ్మా అన్నాను. చెప్పడానికి నా దగ్గర ఐదు భాగాలున్నాయి.

లోపల సిస్టర్ కట్టలు విప్పుతోంది. మొదటి కట్ట, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. గీతలు గీశాను. రెండోది, మూడోది అయ్యాయి. నాలుగో కట్ట బల్ల మీద వేసిందో లేదో మత్తు డాక్టరు ఏదో కావాలని పిలిచాడు. ఆమె అటు తిరిగి మాట్లాడుతూనే నన్నడిగింది: "ఎన్ని?"

నా చూపు గుడ్డల మీదే ఉంది. మనసు మాత్రం రెండో భాగంలో, పూర్వం చేసిన మేళ్ళ దగ్గర తడబడుతోంది. ఒక వాక్యం గుర్తురావడం లేదు. "ఐదు సిస్టర్" అన్నాను. ఆమె ఇంకో మాట అడగలేదు. ఆ థియేటర్లో ఆమె తన కళ్ళకంటే నా లెక్కని ఎక్కువ నమ్మేది. బోర్డు దగ్గరికి వెళ్ళి ఇరవై అని రాశాను. రెండు వెనక సున్నా చుడుతుండగా మరిచిపోయిన వాక్యం గుర్తొచ్చింది.

ప్రార్థన గొప్పగా సాగింది. ఒక్క మాట తప్పలేదు. నడుముకి మత్తుసూది వేశారు గనక ఆవిడకి తెలివుంది, వింటూనే ఉంది. మూడో భాగంలో మత్తు డాక్టరు ఒక కన్ను తెరిచి గడియారం చూశాడు. ఆమేన్ అన్నాక స్ట్రెచర్ అతను దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు: "ఏటి మావా, ఈ ఫోను కాలు కట్ అవదేమోనని భయమేసినాది."

నాకది మెప్పులాగే వినిపించింది.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. గడ్డ అనుకున్నదానికంటే పెద్దది, రక్తం బాగానే పోయింది. చివరికి డాక్టరుగారు "లెక్క చూడండి" అన్నారు. వాడిన మాపుల్ని ఐదేసి చొప్పున కొక్కేలకి తగిలిస్తాం. సిస్టర్ లెక్కపెట్టింది, నేనూ లెక్కపెట్టాను. ఇరవై. బోర్డు మీద ఇరవై.

"సరిపోయింది డాక్టర్" అంది సిస్టర్. డాక్టరుగారు కుట్టే సూది కోసం చెయ్యి చాపారు.

లెక్క సరిపోయాక గీతల కింద అడ్డగీత గీయడం నా అలవాటు. నోటుపుస్తకం తీశాను. ఐదు గీతలు. జాగా. ఐదు గీతలు. జాగా. ఐదు గీతలు. తర్వాత ఏమీ లేదు.

ఆ ఖాళీని చూస్తూ నిలబడిపోయాను. బోర్డు మీది ఇరవైలో పదిహేనే నేను లెక్కపెట్టినవి. మిగతా ఐదూ నోటితో అన్నవి. కట్టకి ఐదే ఉంటాయి కదా, ఎప్పుడైనా తేడా వచ్చిందా అని ఒక మనసు చెబుతోంది. నాలుగేళ్ళలో ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే కడుపు తెరిచి ఉన్న మనిషి ఇంకాసేపు బల్ల మీద ఉండాలి, రక్తం ఇంకాస్త పోవాలి, అంతా చేసి ఏమీ దొరకకపోతే లెక్కల మనిషన్న నా పేరు ఆ గదిలోనే పోతుంది. నోరు తెరవకపోతే ఎవరికీ తెలీదు. ఆ పుస్తకం ఇంకెవరూ చూడరు.

డాక్టరుగారు తలెత్తారు. నా మొహంలో ఏం కనిపించిందో. "ఏంటి?" అన్నారు.

ఆ ప్రశ్నకీ నా జవాబుకీ మధ్య ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆ టిక్కులు నేను లెక్కపెట్టలేదు. స్తుతి లేదు, పూర్వం చేసిన మేళ్ళు లేవు. మాటే లేదు. లోపల ఏదో దేవుడి వైపు తిరిగింది, అంతే. రాజు ముందు ఆ ఉద్యోగి ఏమన్నాడో బైబిల్లో ఎందుకు రాయలేదో నాకప్పుడు తెలిసింది.

"సార్, ఆ ఇరవై నేను లెక్కపెట్టి రాసింది కాదు. నాలుగో కట్ట చూడకుండా ఐదని చెప్పాను."

సిస్టర్ నా వైపు తిరిగింది. "ఐదన్నావు కదయ్యా! నిన్నడిగితే ఐదన్నావు కదా!"

"అన్నాను సిస్టర్. చూళ్ళేదు."

డాక్టరుగారు సూది పళ్ళెంలో పెట్టేశారు. ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. చెయ్యి లోపలికి పోనిచ్చి వెతకడం మొదలుపెట్టారు. ఆవిడ మగతలో అడిగింది, "ఏటైనాది?" అని. "ఏం లేదమ్మా, ఒకసారి సరిచూసుకుంటున్నాం" అన్నారాయన. మొదటిసారి ఏమీ దొరకలేదు. మత్తు డాక్టరు గడియారం చూశాడు, తర్వాత నన్ను చూశాడు. డాక్టరుగారు మళ్ళీ వెతికారు, ఈసారి ఇంకా పైకి. పేగుల వెనక ఆయన చెయ్యి ఆగింది.

బయటికి వచ్చిన గుడ్డ రక్తంలో నాని ముద్దైపోయి ఉంది. లోపలి రంగుకీ దానికీ తేడా లేదు. ఆయన దాన్ని నా వైపు ఎత్తి పట్టుకున్నారు.

"ఇరవై ఒకటి" అన్నారు. "రాయి."

రాశాను. ఒకటి వంకరగా వచ్చింది. ఆ తర్వాత గోడకి ఆనుకున్నాను. గుండెల మీంచి ఏదో దిగిపోయింది. మునిగినవాడు పైకి తేలి మొదటి ఊపిరి తీసుకుంటే ఎలా ఉంటుందో అలా. ఆవిడ లోపల ఏమీ లేదు. ఇంతకంటే నాకేం కావాలి?

మధ్యాహ్నం సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని కుట్టుగదికి వెళ్ళింది. ఆ కట్ట కట్టిన పెద్దావిడ మొదట ఒప్పుకోలేదు. తర్వాత తల గోక్కుంది.

"కబుర్లలో పడిపోయి ఆరు పెట్టేసుంటాను. మనిసిని గదా. తప్పు పోతాదనే గదా మళ్ళీ నిన్ను లెక్కెట్టమన్నారు? నాను కబుర్లలో పడ్డాను. నువ్వేటిలో పడ్డావు?"

"ప్రార్థనలో" అన్నాను.

కుట్టుగదంతా నవ్వింది. సిస్టర్ నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. నాకు అవమానంగా ఉండాలి. లేదు. నవ్వే పరిస్థితిలో ఉన్నాం, అదే చాలనిపించింది.

సాయంత్రం డాక్టరుగారి గదికి పిలుపొచ్చింది. ఉద్యోగం పోయిందనే వెళ్ళాను. మొత్తం చెప్పించుకున్నారు, నాలుగు గడుల పుస్తకంతో సహా. పుస్తకం తెప్పించుకుని చాలాసేపు తిరగేశారు.

"ఇంత చదివి, చివరికి పొడుగు ఎక్కువున్నదే ఎందుకు తీసుకున్నావు?"

"అందరూ వింటారు కద సార్."

తల ఊపారు. "నేనూ కొన్నేళ్ళు అలాగే చేశాను" అన్నారు. పుస్తకం తిరిగిచ్చారు. "రేపటినుంచి లెక్కపెట్టేటప్పుడు మనసులో ప్రార్థన వల్లించడం లేదు. లెక్క ముగించి, ఇద్దరూ బోర్డు చూసి, అప్పుడు చేద్దాం. మరొకటి. జరిగింది ఆ ఇంటివాళ్ళకి రేపు పొద్దున చెప్తాను. నువ్వూ రావాలి."

పొద్దున మంచం పక్కన ఆయన ఏదీ దాచకుండా చెప్పారు. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. అత్తగారు అంతా విని నా వైపు తిరిగింది.

"సరిపోనాదని అందరూ సెప్పేసినాక, నువ్వు కాదన్నావా?"

"అవునమ్మా. తప్పు నాదే."

"సెప్పకపోతే ఎవలికి తెలుస్తాది?"

మంచం మీంచి కోడలే అంది: "నా కడుపుకి తెలుస్తాది గదత్తా!" అని తనే నవ్వబోయి, పొట్ట పట్టుకుని, "ఓలమ్మా, నవ్వించకండి, కుట్లు లాగతన్నాయి" అంది. ఆ ముసలావిడ నన్ను తిట్టలేదు. "కూకో" అని స్టూలు నా వైపు జరిపింది.

తర్వాత పదమూడేళ్ళు ఆ థియేటర్లో లెక్కపెట్టాను. ఒక్కో కట్టా విడదీసి చూడందే నోరు తెరవలేదు. నా వంతు ఎవరికీ ఇవ్వలేదు. పిల్లలూ, ఐదు భాగాల ప్రార్థన చెడ్డదని నేను చెప్పడం లేదు. సొలొమోను దగ్గర అన్ని మాటలున్నాయి, అన్నీ ఆయనవే. నా దగ్గర ఉన్నవి ఆయన మాటలు. అదే తేడా.

అప్పుడు ఆపరేషన్ అయిన ఆవిడ ఇంటికెళ్ళే రోజున అత్తగారు నాకు కబురు పెట్టింది. బస్సుకి టైమైంది. సంచులన్నీ వరండాలో వరసగా పెట్టుకుని కూర్చున్నారు.

"ఎల్తన్నాం బావూ. ఆ దినం పార్థన సేసినావంట గదా, అది దీని కోసం ఓపాలి మళ్ళీ సెయ్యి. నాను వినలేదు."

కోడలి తల మీద చెయ్యి పెట్టాను. పేరు చెప్పలేదన్న ఆ ముసలాయన మాట గుర్తొచ్చి మనసులో ఆమె పేరు చెప్పుకున్నాను. పైకి అన్నది నాలుగు మాటలు. దేవా, దయచేసి ఈమెను బాగుచెయ్యి.

ముసలావిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. కాసేపటికి ఒకటి తెరిచింది.

"అంతేనా?"

"అంతే అమ్మా."

"మరా దినం అంతసేపు ఏటి సెప్పినావు?"

"ఆ దినం గదిలో ఉన్నవాళ్ళందరికీ చెప్పానమ్మా. ఇది ఆయనొక్కడికే."

ఆమె సరేనన్నట్టు కొంగు నడుముకి దోపి లేచింది. ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది.

"లెక్కల మనిసివి గదా, ఆ సంచులు ఓపాలి సూడు. ఐదుండాల."

వంగి ఒక్కొక్క సంచి మీదా చెయ్యి వేసి బిగ్గరగా లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి.